అబండెన్స్ అంటే ‘చాలా’ కాదు, అలుగు దుంకడం

బిడ్డా, నీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. డిక్షనరీ తెరిస్తే అబండెన్స్ అంటే సమృద్ధి, ప్లెంటీ అంటే సమృద్ధి, కోపియస్, ప్రొఫ్యూజ్, అఫ్లుయెంట్ అన్నిటికీ అటూ ఇటూగా అదే అర్థం ఉంది, మరి ఇన్ని మాటలెందుకు అన్నావు. లాటిన్ నుంచి వచ్చిందంటారు, అక్కడ దాని అసలు అర్థమేంటని అడిగావు. చివర్లో, మాక్ టెస్ట్‌లో అబండెన్స్‌కు వ్యతిరేక పదం అడిగితే ‘సఫిషియెన్సీ’కి టిక్ పెట్టి మార్కు పోగొట్టుకున్నానని రాశావు. కల్వకుర్తి అమ్మాయివి కాబట్టి నీకు చెప్పడం నాకు సులువే. చెరువు కట్ట ఎక్కని పిల్లలకు చెప్పడమే కష్టం.

నేను ముప్పై రెండేళ్లు ప్రభుత్వ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. సగం సర్వీసు నల్లగొండ వైపు, సగం పాలమూరు వైపు. మీ కోచింగ్‌లో చెప్పారన్న ‘అ బన్ డాన్స్’ చిట్కా నాకూ తెలుసు. బన్ను డాన్స్ చేస్తున్నట్టు ఊహించుకుంటే స్పెల్లింగ్ గుర్తుంటుంది, కాదనను. కానీ అర్థం మాత్రం ఒక్క ముక్క కూడా గుర్తుండదు. నీ మార్కు పోయింది అక్కడే.

ముందు చెరువు సంగతి చూద్దాం. మాది దేవరకొండ దగ్గర పల్లె. మా చెరువుకు నీళ్లు బయటికి పోయే దారులు రెండు. ఒకటి తూము. చెరువు నీళ్లు వదిలే నీరటి దాన్ని ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు దించాలో చూసుకుంటాడు, ఆయకట్టుకు ఎంత కావాలో అంతే వదులుతాడు. రెండోది అలుగు. దానికి తలుపు లేదు, తాళం లేదు, ఎవరూ ఎత్తరు, ఎవరూ దించరు. చెరువు నిండి, ఇంకా వరద వస్తుంటే, మిగులు నీళ్లు ఆ రాతి కట్టడం మీద నుంచి వాటంతట అవే దుంకుతాయి. వరంగల్ వైపు దీన్నే మత్తడి అంటారు. మా దిక్కు అలుగు పారిందంటారు, అలుగు దుంకిందంటారు. పదేళ్లలో రెండు మూడుసార్లు దుంకితే గొప్ప. దుంకిన రోజు బడికి పిల్లలు రారు. కట్ట మైసమ్మ దగ్గర కొబ్బరికాయలు, అలుగు కింద చేపలకు వలలు. ఒకసారి నేనే హాజరు పట్టీ మూసి పిల్లల వెనకాల పోయాను.

ఇప్పుడు లాటిన్. అక్కడ ‘ఉందా’ అంటే అల. దాని నుంచి ‘ఉందారే’ అనే క్రియ: అలలుగా లేవడం, పొంగడం. దానికి ముందు ‘అబ్’ చేరింది. అబ్ అంటే ‘అక్కడి నుంచి బయటికి’. అబ్ కలిపితే ‘అబుందారే’, అంటే ఉన్న చోటు పట్టక అంచు దాటి పొంగిపోవడం. దాని నామవాచకం ‘అబుందాంతియా’. అదే ఫ్రెంచిలో అరిగి ‘అబొందాన్స్’ అయింది, ఫ్రెంచి నుంచి 14వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి దిగింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక రాజుల మాట, కోర్టుల మాట ఫ్రెంచి అయిపోయింది కదా, ఇలాంటి మాటలు వేలల్లో ఆ దారినే వచ్చాయి. మనకు నిజాం కాలంలో తహసీలు, దస్తావేజు, జమాబందీ వచ్చినట్టే అనుకో.

కాబట్టి అబండెన్స్‌లో అసలు బొమ్మ ‘ఎక్కువ ఉండటం’ కాదు, అంచు దాటడం. చెరువులో సగం నీళ్లున్నా అవి చాలా నీళ్లే. నిండా ఉంటే ఇంకా చాలా. కానీ అలుగు దుంకితేనే అబండెన్స్. అవసరం తీరాక మిగిలి, ఆపినా ఆగకుండా పక్కవాళ్లకు కూడా పారేంత. ఇది మనసులో పడితే మిగతావన్నీ వాటి చోట్లలో అవే కూర్చుంటాయి.

ఒక సరదా సంగతి. లాటిన్ ‘ఉందా’ మన చెవికి ప్రశ్నలా వినపడుతుంది: ‘ఉందా?’ మా తొమ్మిదో తరగతిలో ఒకడు లేచి, “సార్, ఉందా అని అడిగే పనే లేనంత ఉంటే అబండెన్సా?” అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం వాడి మాటనే ఆ తర్వాత ఇరవై ఏళ్లు వాడుకున్నాను. నువ్వు కూడా బన్నును పక్కనపెట్టి ఇది గుర్తుపెట్టుకో. మన ‘ఉండు’కూ లాటిన్ ‘ఉందా’కూ ఏ చుట్టరికమూ లేదు, వినికిడిలో మాత్రమే పోలిక. గుర్తుకు పనికొస్తుంది, వ్యుత్పత్తికి పనికిరాదు.

ఇలాంటి పొరపాటే పాతకాలం యూరప్ పండితులు నిజంగా చేశారు. లాటిన్‌లో ‘హబేరే’ అంటే కలిగి ఉండటం. ఎక్కువ ‘కలిగి ఉండటమే’ కదా సమృద్ధి, కాబట్టి ఈ మాట అక్కడి నుంచే పుట్టిందని అనుకుని ముందు ఒక హెచ్ తగిలించి ‘హబండెన్స్’ అని రాసేవారు. ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ 16వ శతాబ్దం దాకా ఈ స్పెల్లింగ్ కనిపిస్తుంది. తర్వాత లాటిన్ గ్రంథాలు సరిగ్గా చూసినవాళ్లు హెచ్ తీసేశారు. మా తొమ్మిదో తరగతి పిల్లవాడు ‘ఉందా’ అంటే ఉండటం అనుకున్నాడు, ఆ పండితులు ‘హబేరే’ అంటే కలిగి ఉండటం అనుకున్నారు. ఎవరూ నీళ్ల వైపు చూడలేదు.

ఆ నీళ్లలోనే నిజమైన చుట్టరికం ఉంది. 1786లో కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని చెప్పాడు. ఆ మూలభాషలో నీళ్లకు ఉన్న ఒక ధాతువు నుంచి సంస్కృతంలో ఉదకం వచ్చింది, ఇంగ్లీషులో వాటర్, వెట్ వచ్చాయి, గ్రీకులో హ్యుదోర్ వచ్చింది. హైడ్రోజన్‌లో ఉన్న హైడ్రో అదే. లాటిన్ ‘ఉందా’ కూడా అదే ఇంటి బిడ్డ. సంస్కృతంలోనూ ‘ఉంద్’ అనే ధాతువు ఉంది, అర్థం తడపడం. యజుర్వేదంలో జుట్టు తడిపే సందర్భంలో ‘ఆప ఉందంతు జీవసే’ అనే మంత్రం వస్తుంది: నీళ్లు తడుపుగాక, బతుకు కోసం. రష్యన్ల వోడ్కా, ఐర్లండు వాళ్ల విస్కీ కూడా నీళ్లు అనే మాటల నుంచే, ఇదే ధాతువు నుంచే పుట్టాయి. ఉదకానికి ఎలాంటి చుట్టాలున్నారో చూడు.

ఇంకొకటి చెప్తే నీకు సంతోషమేస్తుంది. సముద్రం అనే మాటలోని ‘ఉద్ర’ కూడా ఆ ఉదకమే. నీళ్లన్నీ ఒకచోట చేరింది సముద్రం. మన పాత రాజులు పెద్ద చెరువు కడితే దానికి సముద్రమని పేరు పెట్టేవాళ్లు. నల్లగొండ పక్కన పానగల్లులో ఉదయ సముద్రం ఉంది. కందూరు చోడుల కాలం నాటి చెరువు, ఉదయ చోడుడి పేరు మీద ఆ పేరు. ఆ వంశం పేరులోని కందూరు మీ పాలమూరు వైపుదే. ఛాయా సోమేశ్వరాలయం చూడటానికి పోయినప్పుడు ఆ చెరువు కట్ట మీద ఒక్క ఐదు నిమిషాలు నిలబడు. చెరువు పేరులోని ‘సముద్రం’, నీ పుస్తకంలోని ‘అబండెన్స్’ ఒకే ఊటలోంచి వచ్చాయని తలచుకో. ఒకటి గంగా తీరం మీదుగా వచ్చింది, ఇంకొకటి రోము మీదుగా, పారిస్ మీదుగా, లండన్ మీదుగా వచ్చింది.

ఇక్కడ జాగ్రత్త. చుట్టరికం అంటే అప్పు కాదు. ‘ఇంగ్లీషు మాటలన్నీ సంస్కృతం నుంచే’ అని వాట్సాప్‌లో తిరిగేవి నమ్మి పరీక్షలో రాయకు. లాటిన్ సంస్కృతం నుంచి పుట్టలేదు, రెండూ ఒక అవ్వ మనవరాళ్లు. మన తెలుగు ఆ కుటుంబమే కాదు. తెలుగు, తమిళం, కన్నడం వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లోనే చూపించాడు. నీళ్లు, చెరువు, వాగు మన సొంత ఇంటివి. ఉదకం, సముద్రం మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నవి.

ఇక ఈ ‘ఉందా’ ఇంగ్లీషులో ఇంకా ఎక్కడెక్కడ దాక్కుందో చెప్తాను, ఎందుకంటే పరీక్షలో ఇవే వస్తాయి. ఇనండేట్ అంటే లోపలికి అలలు రావడం, ముంచెత్తడం. కట్ట తెగి చేన్లు మునిగితే ఇనండేట్. ఆఫీసులో అర్జీలు వచ్చి పడితే కూడా అదే మాట. అండ్యులేట్ అంటే అలల్లా ఎత్తుపల్లాలుగా సాగడం. దేవరకొండ నుంచి డిండి పోయే దారిలో నేల ఉంటుంది చూడు, అలాగ. రిడండెంట్‌లో ‘రే’ అంటే వెనక్కి, మళ్లీ. పొంగి వెనక్కి తన్నేంత, అంటే అక్కర్లేనంత. అందుకే చెప్పిందే మళ్లీ చెప్పినా రిడండెంట్, ఉద్యోగంలోంచి తీసేసినా రిడండెంట్. అబండెంట్, రిడండెంట్ రెండూ అలుగు మాటలే. మొదటిదాన్ని చూసి ఊరు సంబరపడుతుంది, రెండోదాన్ని చూసి ‘ఇగ చాలు’ అంటుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది సరౌండ్. చూస్తే రౌండ్ అనే మాటకు బంధువులా ఉంటుంది, చుట్టుముట్టడం కదా అర్థం. కానీ దాని పుట్టుక ‘సూపర్’కు ‘ఉందారే’ చేర్చితే వచ్చింది: మీద నుంచి పొంగడం. ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో సరౌండ్ అంటే వరదతో మునగడమే. జనం దాన్ని రౌండ్ అనుకుని అనుకుని, 17వ శతాబ్దానికి చుట్టుముట్టడం అనే అర్థం ఖాయం చేశారు. వరద వస్తే ఊరు ముందు మునుగుతుందా, చుట్టుముట్టబడుతుందా? రెండూ పక్కపక్కనే జరుగుతాయి కాబట్టి అర్థం జారడానికి పెద్ద కష్టం కాలేదు.

చెరువుల మాట వచ్చింది కాబట్టి, వనపర్తి వైపు సరళాసాగర్ చూశావా? అక్కడ గేట్లు ఎత్తే పనే లేదు. నీళ్లు నిండు మట్టానికి రాగానే సైఫన్లు, అంటే నీళ్లను లాగి అవతలికి దించే వంపు దారులు, వాటంతట అవే పనిచేసి నీళ్లను బయటికి తోస్తాయి. నాగార్జునసాగర్‌లో 590 అడుగులు వచ్చే వేళకు ఎన్ని గేట్లు ఎత్తాలో ఇంజినీర్లు లెక్కలు వేసుకుంటారు, 26 గేట్లున్నాయి. సరళాసాగర్‌లో ఆ నిర్ణయం నీళ్లదే. అబుందారే అనే క్రియకు ఇంతకంటే మంచి బొమ్మ నాకు దొరకలేదు. అదే సరళాసాగర్ కట్టకు 2019 డిసెంబరు 31న గండి పడింది, అది ఇనండేట్ బొమ్మ. రెండు మాటలకూ ఒకటే ప్రాజెక్టు.

ఇక నువ్వు అడిగిన మిగతా పదాలు. కోపియస్‌కు అలలతో సంబంధం లేదు. లాటిన్‌లో ‘ఓప్స్’ అంటే బలం, ఆస్తి, చేతిలో ఉన్న వనరు. ఆపులెంట్ అనే మాట దాని నుంచే. ఓప్స్ అనే పేరుతో రోమన్లకు పంటల దేవత కూడా ఉండేది, డిసెంబరులో ఆమెకు పండగ. ఈ ఓప్స్‌కు ‘కలిసి’ అనే అర్థమున్న ‘కో’ చేరి ‘కోపియా’ అయింది: కూడబెట్టిన నిల్వ. కోపియాను బహువచనంలో వాడితే సైన్యాలు అని అర్థం. అందుకే కోపియస్ అన్నప్పుడు నిల్వలోంచి తీసి తీసి ఇస్తున్నా తరగని ధోరణి ఉంటుంది. కోపియస్ నోట్స్ రాసుకుందంటే కట్టలు కట్టలు రాసిందని. గరిసె నిండా ఉన్న వడ్లు కోపియస్, అలుగు దుంకే నీళ్లు అబండెంట్.

ఈ కోపియా నుంచే పరీక్షల్లో మన పిల్లలు కొట్టే ‘కాపీ’ వచ్చింది. నవ్వకు, నిజం. మధ్యయుగాల లాటిన్‌లో ఒకరి రాతను చూసి రాసుకోవడానికి వీలివ్వడాన్ని కోపియా ఇవ్వడం అనేవారు, అంటే ఆ వనరును వాడుకునే అవకాశం ఇవ్వడం. మెల్లగా ఆ మాట రాసుకున్న ప్రతికి పేరైంది. ఒక ప్రతి నుంచి పది ప్రతులు పుడితే అది సమృద్ధే కదా. ఇన్విజిలేషన్ డ్యూటీలో స్లిప్పులు పట్టుకున్నప్పుడల్లా నాకు ఈ వ్యుత్పత్తి గుర్తొచ్చి కోపం సగం తగ్గేది.

కార్నుకోపియా అనే మాట కూడా పరీక్షల్లో కనపడుతుంది. కార్ను అంటే కొమ్ము, కోపియా కొమ్ము. పండ్లు, పూలు, ధాన్యం పొంగిపొర్లే మేక కొమ్ము. మన అక్షయపాత్ర లాంటిదే అనుకో. గ్రీకుల పెద్ద దేవుడు జ్యూస్‌కు చిన్నప్పుడు పాలిచ్చిన మేక కొమ్మని ఒక కథ, హెర్క్యులిస్ ఒక నదీ దేవుడితో కుస్తీ పట్టి విరిచిన కొమ్మని ఇంకో కథ. మూడో శతాబ్దపు రోమన్ చక్రవర్తుల నాణేల మీద అబుందాంతియా అనే దేవత ఈ కొమ్ము పట్టుకుని ఉంటుంది, పక్కన ఆమె పేరు చెక్కి ఉంటుంది. రోమన్ నాణేలంటే ఎక్కడో అనుకోకు. మన నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేల నిధి దొరికింది. లాటిన్ అక్షరాలున్న డబ్బు ఈ నేలలోకి వచ్చేనాటికి ఇంగ్లీషు అనే భాష ఇంకా పుట్టనే లేదు.

అఫ్లుయెంట్ దగ్గర నీకు పరీక్షకు పనికొచ్చే చిక్కు ఒకటుంది. లాటిన్‌లో ‘ఫ్లుయేరే’ అంటే పారడం. ముందు ‘అద్’ చేరితే వైపుకు పారడం. సంపద ఒకరి ఇంటి వైపుకు పారుతుంటే వాళ్లు అఫ్లుయెంట్. భూగోళంలో ఈ మాటకు ఉపనది అనే అర్థం కూడా ఉంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, కాబట్టి మూసీ కృష్ణకు అఫ్లుయెంట్. ముందు అక్షరం మార్చి ఎఫ్లుయెంట్ అంటే బయటికి పారేది, ఫ్యాక్టరీల నుంచి వదిలే మురుగు. మూసీ ఏమో అఫ్లుయెంట్, మూసీలో వచ్చేవేమో ఎఫ్లుయెంట్లు. హైదరాబాద్ కింది ఊళ్ల వాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు, ముక్కుకే తెలుస్తుంది. ఇంకో సంగతి, ఇంగ్లీషు ‘ఫ్లో’కూ లాటిన్ ఫ్లుయేరేకూ చుట్టరికం లేదు, అర్థం ఒకటే అయినా సరే. ‘ఫ్లో’ చుట్టం మన ప్లవ. 2021 ఉగాదికి మొదలైంది ప్లవ నామ సంవత్సరం కాదా, తేలడం, ఈదడం అనే అర్థంలో, ఆ ప్లవ.

ప్రొఫ్యూజ్‌లో ‘ఫుందేరే’ ఉంది, పోయడం. ముందుకు, ధారగా, లెక్క చూడకుండా పోయడం ప్రొఫ్యూజ్. అందుకే డాక్టర్లు కేసు షీటులో ప్రొఫ్యూజ్ బ్లీడింగ్, ప్రొఫ్యూజ్ స్వెటింగ్ అని రాస్తారు గానీ అబండెంట్ బ్లీడింగ్ అని మామూలుగా రాయరు. ఆ పోయడం అనే ధాతువే సంస్కృతంలో ‘హు’ అయింది: నెయ్యి పోస్తే హోమం, పోసింది ఆహుతి. ప్లెంటీ ఏమో లాటిన్ ‘ప్లేనుస్’ నుంచి, నిండిన అని అర్థం. సంస్కృతంలో దాని చుట్టం పూర్ణం, ఇంగ్లీషులో ఫుల్. పితృకు ఫాదర్, పాదానికి ఫుట్ చుట్టాలైనట్టు, అక్కడ ప ఉన్నచోట ఇంగ్లీషులో ఫ వస్తుంది. ఇప్పుడు పూర్ణాహుతి అనే మాటను చూడు. మొదటి సగం ప్లెంటీకి చుట్టం, రెండో సగం ప్రొఫ్యూజ్‌కు చుట్టం. ఉగాదికి మీ అమ్మ చేసే భక్షాల్లోని పూర్ణం కూడా ప్లెంటీ బంధువే. ఎంత పెడితే అంత బాగుంటుంది గానీ పిండి చిరిగి బయటికొస్తే అది అబండెన్స్.

ప్లెథోరా గ్రీకు నుంచి, అదీ నిండటమే. మొదట్లో వైద్యుల మాట. ఒంట్లో రక్తం ఎక్కువై వచ్చే జబ్బును ప్లెథోరా అనేవాళ్లు. ఆ జబ్బు వాసన ఇంకా పోలేదు, కాబట్టి విసుగు పుట్టేంత ఎక్కువ అన్న చోట ఈ మాట బాగా కుదురుతుంది. ‘ప్లెథోరా ఆఫ్ యాప్స్’ అంటే ఏది వాడాలో తెలియనన్ని యాప్‌లు. పొగడ్తకు వాడితే కొంచెం తేడా కొడుతుంది.

ఎగ్జూబరెంట్ నువ్వు అడగలేదు గానీ వదలబుద్ధి కాలేదు. లాటిన్‌లో ‘ఊబెర్’ అంటే పొదుగు. సంస్కృతంలో ఊధస్సు, ఇంగ్లీషులో అడ్డర్, మూడూ అక్కచెల్లెళ్లు. పొదుగు నిండి పాలు కారిపోయేంత ఉత్సాహం ఎగ్జూబరెంట్. పాలు పొంగిన ఊరు కాబట్టి పాలమూరు అయిందని మా దిక్కు పెద్దలు చెప్పేవారు. దానికి నేను పూచీ ఇవ్వను, కానీ మహబూబ్‌నగర్ అనే పేరు మాత్రం ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మీద 1890లో వచ్చింది. ఫోన్లో పిలిచే ఉబర్ బండికి ఈ పొదుగుతో సంబంధం లేదులే. అది జర్మన్ మాట, పైన అని అర్థం, మన ఉపరికి చుట్టం.

వాక్యంలో వాడేటప్పుడు పెద్ద నియమాలేం లేవు. ‘ఆన్ అబండెన్స్ ఆఫ్’ అని ముందు పెట్టొచ్చు, ‘ఇన్ అబండెన్స్’ అని చివర పెట్టొచ్చు. క్రియ కావాలంటే అబౌండ్, దాని తర్వాత ఇన్ గానీ విత్ గానీ. వార్తల్లో, కోర్టు కాగితాల్లో ‘అబండెన్స్ ఆఫ్ కాషన్’ అని తరచూ కనిపిస్తుంది, అంటే అవసరమైన దానికంటే మించి జాగ్రత్త పడ్డాం అని. అక్కడ కూడా మించడమే, చూశావా.

అనువాదానికి ప్రతిసారీ సమృద్ధి అని రాయకు. సమృద్ధిలో ఉన్నది ఋద్ధి, పెరగడం. దానిలో పంట ఉంది, పొంగు లేదు. ఇబ్బడిముబ్బడి అంటే రెండింతలు, మూడింతలు, అదంతా లెక్క మాట. బొచ్చెడు, గంపెడు, బండెడు పాత్ర మాటలు, ప్లెంటీకి దగ్గర, నిండటం వరకే. మస్తు అన్నది ఉర్దూ మీదుగా మనకొచ్చిన ఫార్సీ మాట, అక్కడ అర్థం మత్తు ఎక్కిన అని. తాగినవాడు తన అంచు దాటినట్టే అనుకుంటే అబండెన్స్‌కు మస్తు కొంత దగ్గరే, నేనైతే క్లాసులో అదే చెప్పేవాణ్ని. పొంగిపొర్లు అన్నది ఇంకా దగ్గర. బర్కతు మాత్రం వేరే. ‘వాడి చేతిల బర్కతు లేదు’ అంటాం కదా, ఎంత వచ్చినా నిలవదని. రాక ఎంతని కాదు, వచ్చింది ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అక్కడ మాట. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మా తాత మొదటి కుంచానికి ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అనేవాడు, తర్వాత రెండు, మూడు. ఆ లాభానికి ఇంగ్లీషులో ఏం పెట్టాలో నాకు ఈ రోజుకూ తోచలేదు.

చివరికి నీ మార్కు సంగతి. ఆప్షన్లు ప్లెథోరా, సఫిషియెన్సీ, డెర్త్, అఫ్లుయెన్స్ అని రాశావు. ‘మరీ ఎక్కువ’కు వ్యతిరేకం ‘సరిపడా’ అనుకుని సఫిషియెన్సీ పెట్టావు, నీ ఆలోచన నాకు అర్థమైంది. కానీ సఫిషియెన్సీ తూము నీళ్లు. ఆయకట్టుకు సరిపోయాయి, అంతే. అలుగు దుంకిన చెరువులో తూము కింద కూడా నీళ్లు పారుతూనే ఉంటాయి, ఆ రెండూ ఎదురెదురు కావు. అలుగుకు ఎదురు, తూము మూతపడి శిఖంలో, అంటే చెరువు అడుగు నేలలో, నెర్రెలు బారడం. అది డెర్త్. లాటిన్‌తో దానికి పనిలేదు, అచ్చ ఇంగ్లీషు మాట, డియర్ నుంచి పుట్టింది. డియర్ అంటే ఇష్టమైన, ఖరీదైన. సరుకు దొరక్క ధర పెరిగితే డెర్త్. మనకూ అంతే కదా, ప్రియం అంటే ఇష్టం, ప్రియం అంటే ధర ఎక్కువ. మీ ఇంట్లో ఉల్లిగడ్డ పిరమైందని అన్నప్పుడల్లా ఆ డెర్త్ గుర్తు చేసుకో.